నలభై గజాల తీర్పు

నలభై గజాలంటే ముప్పై ఆరున్నర మీటర్లు. రెండు క్రికెట్ పిచ్‌ల పొడవుకి నాలుగు గజాలు తక్కువ. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాణ్ణి, అందులోనూ బంతి పట్టే స్థానంలో ఆడేవాణ్ణి, పెద్దవాళ్ళు మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి: ఈ దూరాన్ని ఎన్ని సెకన్లలో పరిగెత్తుతావు? 4.4 అన్నాడంటే యూనివర్సిటీ కోచ్‌ల ఫోన్లు మొదలవుతాయి. 4.7 అన్నాడంటే, "మంచి కుర్రాడే, చూద్దాం" అంటారు. ఆ 'చూద్దాం'కి, మన పెళ్ళిచూపుల్లో 'ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం' అనే మాటకి అర్థం ఒకటే.

రెంటికీ మధ్య తేడా 0.3 సెకను. కంటిరెప్ప వేసి తీసేంతసేపు.

ముందు ఆట గురించి రెండు మాటలు. ఇది కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకలో పెట్టుకుని ఉరుకుతూ, ఒకరినొకరు పడగొట్టుకుంటూ ఆడే అమెరికన్ ఆట. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్ళలో కాపురాలు పెట్టిన తెలుగువాళ్ళకి, శుక్రవారం రాత్రి స్కూల్ స్టేడియంలో వెలిగే లైట్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. పది లక్షలమందికి పైగా పిల్లలు దేశమంతటా ఈ ఆట స్కూళ్ళలో ఆడతారు. పెద్ద యూనివర్సిటీ జట్లలో చాలా ఏళ్ళపాటు, ఒక్కో జట్టులో ఒక సమయానికి స్కాలర్‌షిప్ మీద ఉండగలిగినవాళ్ళు గరిష్ఠంగా 85 మంది. అమెరికాలో కాలేజీ ఫీజు ఎంతో తెలిసినవాళ్ళకి ఆ స్కాలర్‌షిప్ విలువ వేరే చెప్పక్కర్లేదు. పేదింటి కుర్రాడికి అదొక్కటే దారి కావచ్చు.

వైడ్ రిసీవర్ అనేవాడి పని పైకి తేలిగ్గానే కనిపిస్తుంది. మైదానం అంచుకి దగ్గర్లో నిలబడతాడు. ఆట మొదలవగానే పరిగెత్తుతాడు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి పట్టుకుంటాడు. కానీ అతన్ని నీడలా అంటిపెట్టుకుని ఒక డిఫెండర్ ఉంటాడు. వాడి నుంచి ఒక గజమో, గజంన్నరో ఎడం సంపాదించడమే రిసీవర్ విద్య అంతా. వేగం దానికి ఒక దారి. వేరే దారులూ ఉన్నాయి. దూరం పరిగెత్తబోతున్నట్టు భుజాలు వంచి, డిఫెండర్ నమ్మి వెనక్కి అడుగేసిన క్షణంలో టక్కున ఆగి తిరగడం ఒకటి. అదే పాదం మీద బరువు మార్చి, వేగం తగ్గకుండా లోపలికి కొయ్యడం ఇంకొకటి. బంతి తన మీదికి వచ్చేదాకా కాచుకోకుండా, అది గాలిలో ఉండగానే ఎదురెళ్ళి వేళ్ళతో అందుకోవడం మరొకటి. చివరికి గీత దాటకుండా బొటనవేళ్ళని లోపల ఆనించాలి. హైస్కూల్లో, కాలేజీలో ఒక పాదం ఆనితే చాలు. ప్రొఫెషనల్ ఆటలో రెండూ ఆనాలి.

ఇప్పుడు రెండు జాబితాలు వేసుకోండి. మొదటిది కొలతలు: ఎత్తు, బరువు, చెయ్యి పొడవు, అరచేతి వెడల్పు, నలభై గజాల సమయం, నిలువుగా ఎంత ఎగరగలడు. రెండోది ఒడుపు: పైన చెప్పినవన్నీ. మొదటి జాబితాని ఒక కార్డు మీద రాసి వెయ్యి మైళ్ళ దూరం పంపొచ్చు. రెండోదాన్ని పంపలేం. అది చూడాలంటే ఆట దగ్గరికి మనమే వెళ్ళాలి.

ఈ ఆటలో కొలతల చరిత్ర చదివేకొద్దీ నాకు అర్థమైంది ఇదే. కొలత పుట్టింది ఆటగాడి గురించి నిజం చెప్పడానికి కాదు, ఆట చూడ్డానికి తీరిక లేనివాడికి సాయంగా. ఆ సాయం ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ తీర్పుగా మారిపోయింది అన్నదే నేనిక్కడ చెప్పాలనుకుంటున్నది. మార్కులూ ర్యాంకుల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి ఈ కథ నాకు పరాయిగా అనిపించలేదు.

*

నలభై గజాల లెక్కని మొదలుపెట్టింది పాల్ బ్రౌన్ అని చెప్తారు. ఈయన 1932 నుంచి 1940 దాకా ఒహాయోలోని మాసిలన్ అనే ఊళ్ళో హైస్కూల్ కోచ్. తర్వాత ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చి, 1946లో మైదానంలోకి దిగిన క్లీవ్‌లాండ్ జట్టుకి మొదటి కోచ్ అయ్యాడు. ఆ జట్టు పేరు కూడా ఈయన పేరే: బ్రౌన్స్.

నలభయ్యే ఎందుకు, యాభై ఎందుకు కాదు? దానికో కారణముంది. ఆటలో బంతిని కాలితో దూరంగా కొట్టే సందర్భం ఒకటుంది, పంట్ అంటారు. అది దాదాపు నలభై గజాలు వెళ్తుంది. బంతి కిందపడేలోపు తన ఆటగాళ్ళు అక్కడికి చేరగలరా లేదా అన్నది బ్రౌన్ ప్రశ్న. చాలా ఇరుకైన ప్రశ్న, దానికి తగ్గ కొలత. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకోటి. ఇదే పాల్ బ్రౌన్ ఆటల ఫిల్మ్ తెప్పించి, ఒక్కో ఆటగాడు ఒక్కో ఎత్తుగడలో ఏం చేశాడో చూసి మార్కులేసేవాడు. ఆటగాళ్ళ చేత నోటు పుస్తకాల్లో పాఠాలు రాయించేవాడు, రాతపరీక్షలు పెట్టేవాడు. అంటే స్టాప్‌వాచ్, ఫిల్మ్ రెండూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఒకటి రెండోదానికి బదులు అని ఆయన అనుకోలేదు. తర్వాతి తరాలు మాత్రం రెంటిలో చవకైనదాన్ని ఎక్కువగా వాడుకున్నాయి.

*

కొలతలకి అందని ఆటగాడి కథ అంటే మొదట గుర్తొచ్చే పేరు రేమండ్ బెర్రీ.

టెక్సస్‌లో పారిస్ అనే ఊరుంది. అక్కడి హైస్కూల్ జట్టుకి బెర్రీ వాళ్ళ నాన్నే కోచ్. అయినా చివరి ఏడాది దాకా కొడుక్కి మొదటి పదకొండుమందిలో చోటివ్వలేదు. ఆయన్ని తప్పుపట్టలేం. కుర్రాడు సన్నం, వేగం అంతంతమాత్రం, కంటిచూపు తక్కువ, నడుంనొప్పి. తర్వాత చేరిన కాలేజీలో అన్ని సీజన్లూ కలిపి అతను పట్టిన పాసులు 33. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1954లో, బాల్టిమోర్ కోల్ట్స్ అతన్ని ఇరవయ్యో రౌండ్‌లో తీసుకుంది. మొత్తమ్మీద 232వ పేరు. పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతి అన్నమాట.

ఆ తర్వాత బెర్రీ చేసింది సాధన. ప్రాక్టీస్ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్‌ని ఆపి, ఒకే పాసుని పదేపదే విసిరించుకునేవాడు. డిఫెండర్‌ని తప్పించడానికి ఎనభైకి పైగా పద్ధతులు లెక్కపెట్టుకుని అభ్యాసం చేశాడు. వేళ్ళ బలం కోసం జిగురుముద్దని చేత్తో నలుపుతూ తిరిగేవాడు. 1958 డిసెంబర్ 28న న్యూయార్క్‌లో జరిగిన ఛాంపియన్‌షిప్ ఆటలో 12 పాసులు పట్టి 178 గజాలు సంపాదించాడు. కోల్ట్స్ అదనపు సమయంలో 23–17తో గెలిచిన ఆ ఆట, టీవీలో చూసిన దేశానికి ఈ క్రీడ మీద పిచ్చి పట్టించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1967లో రిటైరయ్యేనాటికి బెర్రీ పట్టిన పాసులు 631. అప్పటికి అదే రికార్డు.

బెర్రీ కథని 'కష్టపడితే ఎవరైనా' అన్న నీతికథగా చెప్పడం నాకు నచ్చదు. ఎవరైనా కాలేరు. నేను గమనించేది వేరే. స్కౌట్లు అంటే ఆటగాళ్ళని వెతికే ఉద్యోగులు. వాళ్ళ నమ్మకం ఒకటుంది: వేగాన్ని నేర్పలేం, ఎత్తుని నేర్పలేం, పట్టడం, తిరగడం మాత్రం నేర్పుకోవచ్చు. అందుకే పదహారేళ్ళవాడిలో శరీరాన్ని చూసి తీసుకో, ఆట మనం నేర్పుదాం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఒడుపు నేర్పితే వచ్చేదే అయితే బెర్రీ లాంటివాళ్ళు ప్రతి జట్టులో పదిమంది ఉండాలి. లేరు. ఆ ఓపిక, ఆ పిచ్చి కూడా పుట్టుకతో వచ్చే వేగమంత అరుదు. దాన్ని కొలిచే గడియారం లేదు కాబట్టి అది 'నేర్పేవాటి' ఖాతాలో పడిపోయింది.

*

1960ల్లో డాలస్ కౌబాయ్స్ ఈ కొలతల పనిని కంప్యూటర్‌కి అప్పజెప్పింది. ఇక్కడ మనదేశం మనిషి ఒకాయన కథలోకి వస్తాడు.

జట్టు వ్యవహారాలు చూసే టెక్స్ ష్రామ్, అంతకుముందు టీవీలో పనిచేసినప్పుడు 1960 శీతాకాల ఒలింపిక్స్‌లో ఐబీఎం యంత్రాలు ఫలితాలు లెక్కగట్టడం చూశాడు. ఇదే పని ఆటగాళ్ళ ఎంపికకి ఎందుకు పనికిరాదు అనుకున్నాడు. ఐబీఎం అనుబంధ సంస్థలో సలాం ఖురేషీ అనే గణాంక నిపుణుడు ఉండేవాడు. భారతదేశం నుంచి, అలీగఢ్ చదువుతో వెళ్ళినవాడు. క్రికెట్ తెలుసు, సాకర్ తెలుసు, అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం ఏమీ తెలీదు. అదే మంచిదయింది. అందరికీ తెలిసిందేనని వదిలేసే మాటల్ని ఆయన వదల్లేదు. 'మంచి ఆటగాడు' అంటే ఏమిటి, 'చురుకు' అంటే ఏమిటి, ఒక స్కౌట్ చెప్పే 'చురుకు', ఇంకో స్కౌట్ చెప్పే 'చురుకు' ఒకటేనా అని అడుగుతూ వెళ్ళాడు. వందల లక్షణాలతో మొదలైన జాబితా చివరికి కొద్దిపాటి అంశాలకి దిగింది. వాటిలో బలం, కదలికలో చురుకు ఉన్నాయి. వాటితోపాటు నడవడిక, పోటీతత్వం, బుర్ర చురుకు కూడా ఉన్నాయి.

అంటే తొలి కంప్యూటర్ పద్ధతి ఒడుపుని పక్కకి నెట్టలేదు. దాన్నీ అంకెల్లోకి దింపబోయింది. అందుకు ముందు ఎవరో ఒక స్కౌట్ ఊరూరా తిరిగి ఆట చూసి రావాలి. యంత్రం చేసింది, ఆ చూసినవాళ్ళ మాటల్ని ఒక తూకంలో పెట్టడం. మన ఖురేషీ గారి పని ఈమధ్య చెప్పుకునే 'డేటా'కి పూర్వరూపం అంటారు. నిజమే. నాకైతే అది మాటలకి అర్థం అడిగే వ్యాకరణం పనిలా కనిపిస్తుంది.

*

అదే కాలంలో, అనుకోకుండా, చరిత్ర ఒక ప్రయోగం చేసింది. వంద మీటర్ల పరుగులో ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన ఇద్దరు, నాలుగేళ్ళ తేడాతో, రిసీవర్లు కాబోయారు.

మొదటివాడు బాబ్ హేస్. ఫ్లారిడా నల్ల కుర్రాడు. ఆ రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్ జట్లలో అప్పటికి నల్లవాళ్ళకి చోటులేదు. నల్లవాళ్ళ కాలేజీ అయిన ఫ్లారిడా ఏ అండ్ ఎమ్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ, పరుగు కూడా పరిగెత్తాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 10.0 సెకన్లతో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. కౌబాయ్స్ అతన్ని ఆ ఏడాదే ఏడో రౌండ్‌లో తీసుకుని ఉంచింది. 1965లో, ఆడిన మొదటి సీజన్లోనే 46 పాసులు, 1,003 గజాలు, 12 టచ్‌డౌన్లు. ఒక మనిషికి ఒక డిఫెండర్ చొప్పున కాపలా కాస్తే ఇతన్ని ఆపడం కుదరదని, మైదానాన్ని ప్రాంతాలుగా పంచుకుని కాచే పద్ధతి పెరగడానికి హేస్ ఒక ముఖ్య కారణమని ఆట చరిత్రకారులు రాస్తారు.

రెండోవాడు జిమ్ హైన్స్. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 9.95. ఎలక్ట్రానిక్ గడియారం మీద పది సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి మనిషి. ఆ రికార్డు 1983 దాకా చెక్కుచెదరలేదు. మయామీ డాల్ఫిన్స్ అతన్ని తీసుకుంది. 1969లో పది ఆటల్లో అతను పట్టిన పాసులు రెండు. చేతిలోంచి బంతులు జారుతుంటే తోటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు 'ఊప్స్'. మరుసటి ఏడాది ఇంకో జట్టులో ఒక్క ఆట, అంతటితో సరి.

గడియారం ప్రకారం హైన్స్ హేస్ కంటే ఒక రవ్వ ఎక్కువే. అయితే హేస్ పరుగు కూడా వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. హైన్స్ ఫుట్‌బాల్ ప్రయత్నించిన పరుగువీరుడు. కార్డు మీద ఈ తేడా రాయడానికి గడి లేదు.

*

కొలతల వేడుకకి ఒక పేరు, ఒక చిరునామా ఏర్పడింది 1982లో. దీని వెనకా టెక్స్ ష్రామే ఉన్నాడు. అప్పటిదాకా ఒక్కో జట్టు ఒక్కో ఆటగాణ్ణి విడిగా పిలిపించుకుని వైద్య పరీక్షలు చేయించేది. అందర్నీ ఒకచోటికి రప్పిస్తే ఖర్చు కలిసొస్తుందని ఫ్లారిడాలోని టాంపాలో శిబిరం పెట్టారు. 1987 నుంచి అది ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది. ఎన్ఎఫ్ఎల్ కంబైన్ అంటే ఇదే. మోకాళ్ళు పరీక్షించడానికి పెట్టిన శిబిరంలో జనం దృష్టి చివరికి నలభై గజాల పరుగు మీదే నిలిచిపోయింది. టీవీకి అదే బావుంటుంది కదా.

ఈ పద్ధతి వేళ్ళూనుకుంటున్న రోజుల్లోనే జెర్రీ రైస్ వచ్చాడు. మిసిసిపీలో క్రాఫర్డ్ అనే చిన్న పల్లె. తండ్రి తాపీమేస్త్రి. వేసవిలో కొడుకులు పనికి సాయం వెళ్ళేవాళ్ళు. అన్నదమ్ములు కిందనుంచి విసిరే ఇటుకల్ని జెర్రీ పైన నిలబడి పట్టేవాడు. హైస్కూల్లో ఒకరోజు క్లాసు ఎగ్గొట్టి దొరికిపోబోతూ పారిపోయాడట. ఆ పరుగు చూసిన అసిస్టెంట్ ప్రిన్సిపల్ శిక్షతో ఆపకుండా ఫుట్‌బాల్ కోచ్‌కి చెప్పాడు. అలా మొదలైంది.

హైస్కూల్ అయ్యాక పెద్ద యూనివర్సిటీలేవీ స్కాలర్‌షిప్‌తో పిలవలేదు. మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న నల్ల కాలేజీ పిలిచింది. అక్కడ 1984లో ఒక్క సీజన్లో 27 టచ్‌డౌన్ పాసులు పట్టాడు. అయినా స్కౌట్ల అనుమానం తీరలేదు. చిన్న కాలేజీల మీద ఆడాడు, పైగా నలభై గజాల సమయం గొప్పగా లేదు. 4.6కీ 4.7కీ మధ్య ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ మాత్రం, హ్యూస్టన్‌లో ఆట కోసం వెళ్ళి హోటల్ గదిలో టీవీ చూస్తుండగా రైస్ ఆట ముక్కలు చూశాడు. మనసు పడ్డాడు. 1985 డ్రాఫ్ట్‌లో ముందుకి జరగడానికి వేరే జట్టుతో బేరం చేసి మరీ పదహారో పేరుగా అతన్ని తీసుకున్నాడు. రైస్ కంటే ముందు ఇద్దరు రిసీవర్లని ఎంచుకున్నారు.

రైస్ ఆట ముగించేసరికి 1,549 పాసులు, 22,895 గజాలు. ఇప్పటికీ ఎవరూ దరిదాపులకి రాలేదు.

వాల్ష్ ఆరోజు చూసిందేమిటి? ఒక మనిషి బంతి పట్టాక వేగం తగ్గకుండా పరిగెత్తడం. చాలామంది బంతి అందుకునేటప్పుడు ఒక అడుగు తడబడతారు. నలభై గజాల పరుగులో చేతిలోకి బంతి రాదు, పక్కన ఎవడూ తొయ్యడు, నెత్తిన హెల్మెట్ ఉండదు. అక్కడ రైస్ నెమ్మది. ఆటలో కాదు.

*

హైస్కూల్ పిల్లల దాకా ఈ వ్యవహారం దిగడానికి ఎంతోకాలం పట్టలేదు. ఇంటర్నెట్ వచ్చాక రైవల్స్, 247 స్పోర్ట్స్ లాంటి సంస్థలు పిల్లలకి రెండు నుంచి ఐదు వరకు నక్షత్రాలు వెయ్యడం మొదలుపెట్టాయి. 2000ల మధ్యలో స్పార్క్ అనే స్కోరు వచ్చింది. నలభై గజాలు, పక్కలకి ఉరికే పరుగు, ఎగురుడు, బరువైన బంతి విసురుడు కలిపి ఒకే అంకె. శిబిరాలకి వెళ్ళాలి, కోచింగ్ తీసుకోవాలి, రుసుము కట్టాలి. నలభై గజాల పరుగుకే విడిగా శిక్షణ ఇచ్చేవాళ్ళు తయారయ్యారు. మొదటి అడుగు ఎలా వెయ్యాలి, చెయ్యి ఎక్కడ ఆనించాలి. పరీక్ష ఉన్నచోట పరీక్షకి కోచింగ్ ఉంటుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పైగా ఆ అంకె కూడా అంత నిఖార్సైనది కాదు. చేత్తో నొక్కే గడియారంలో, కుర్రాడు కదిలినట్టు కన్ను చూసి, వేలు నొక్కేసరికి కాస్త సమయం జారిపోతుంది. అది కుర్రాడికి లాభం. స్కూల్ మైదానంలో 4.4 అయినవాడు, లేజర్ పెట్టిన శిబిరంలో 4.6 అవడం మామూలే. అందుకే తెలివైన కోచ్‌లు ఇప్పుడు స్కూల్ అథ్లెటిక్స్‌లో పరిగెత్తిన వంద మీటర్ల సమయం అడుగుతున్నారు.

ఇంతా చెప్పి, కొలతల్ని తిట్టిపోస్తే అన్యాయమవుతుంది. 0.2 సెకను తేడా అంటే ఆ వేగం దగ్గర దాదాపు రెండు గజాలు. రిసీవర్‌కి కావలసిన ఎడమే అంత. 2007లో ఆరడుగుల ఐదంగుళాల కాల్విన్ జాన్సన్ 4.35లో పరిగెత్తాడు, డ్రాఫ్ట్‌లో రెండో పేరుగా తీసుకున్నారు, 2012లో 1,964 గజాలతో ఒక సీజన్ రికార్డు పెట్టాడు. కార్డు చెప్పిందంతా నిజమైంది. యూటా స్టేట్‌లో బాస్కెట్‌బాల్ తప్ప ఫుట్‌బాల్ ఆడని కార్నెల్ గ్రీన్‌ని 1962లో కౌబాయ్స్ కేవలం శరీరం, కదలిక చూసి తీసుకుంటే, ఐదుసార్లు ఆల్‌స్టార్ ఆటకి ఎంపికయ్యాడు.

ఇంకో సంగతి. ఎవరూ తొంగిచూడని పల్లెలో, రోజూ ఓడిపోయే జట్టులో, పాసు సరిగా విసరలేని క్వార్టర్‌బ్యాక్ పక్కన ఆడే కుర్రాడుంటాడు. వాడి ఒడుపు ఎవరికి కనపడాలి? వాడికి గడియారమే సాక్షి. కోచ్‌కి వాళ్ళ నాన్న తెలియకపోయినా, ఊరి పేరు పలకడం రాకపోయినా 4.4 అంటే 4.4. కొలత మీద కోపం వచ్చినప్పుడల్లా నేను ఈ కుర్రాణ్ణి గుర్తు చేసుకుంటాను.

వీడియో వచ్చాక ఆట కూడా ప్రయాణం చేస్తోంది కదా అనొచ్చు. 2006లో నెబ్రాస్కాలో మొదలైన హడల్ లాంటి సంస్థల పుణ్యాన, ఇప్పుడు ప్రతి హైస్కూల్ కుర్రాడి దగ్గరా తన ఆట ముక్కలు ఉంటాయి. కానీ అవి ఏరిన ముక్కలు. పట్టిన పాసులే ఉంటాయి. బంతి వేరేవాడికి వెళ్ళినా డిఫెండర్‌ని నిజాయితీగా మోసం చేసిన పరుగులు ఉండవు. రిసీవర్ ఎలాంటివాడో చెప్పేవి ఎక్కువగా అవే. మొత్తం ఆట చూస్తే తప్ప అవి దొరకవు.

*

2017 డ్రాఫ్ట్‌ని ఈ చర్చకంతటికీ ఒక పేజీ సారాంశంగా చదువుకోవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో కాలేజీ ఆడిన ఇద్దరు రిసీవర్లు అందులో ఉన్నారు.

యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ నుంచి జాన్ రాస్. ఆ ఏడాది కంబైన్‌లో 4.22 పరిగెత్తి రికార్డు పెట్టాడు. సిన్సినాటి బెంగాల్స్ తొమ్మిదో పేరుగా తీసుకుంది. గాయాలూ వెంటాడాయి. మొదటి సీజన్లో ఒక్క పాసూ పట్టలేదు.

ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న యూనివర్సిటీ నుంచి కూపర్ కప్. యాకిమాలో హైస్కూల్ ముగించినప్పుడు నక్షత్రాల్లేవు. తాత, తండ్రి ఇద్దరూ ఎన్ఎఫ్ఎల్ వరకు వెళ్ళినవాళ్ళే అయినా స్కాలర్‌షిప్ ఇస్తామన్నవి రెండే చిన్న యూనివర్సిటీలు. కాలేజీలో 428 పాసులు, 6,464 గజాలు. 2014లో రాస్ వాళ్ళ యూనివర్సిటీ మీదే 145 గజాలు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. కంబైన్‌లో గడియారం 4.62 చూపించింది. లాస్ ఏంజెలెస్ రామ్స్ 69వ పేరుగా తీసుకుంది. 2021 సీజన్లో పాసులు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడు: 145, 1,947, 16. ఆ సీజన్ సూపర్ బౌల్లో గెలుపు టచ్‌డౌన్ అతనిదే, ఉత్తమ ఆటగాడూ అతనే. ఓడిన జట్టు బెంగాల్స్. రాస్ అప్పటికి వేరే జట్టుకి వెళ్ళిపోయాడు.

ఒక్క కథతో సిద్ధాంతం నిలబడదు, తెలుసు. రాస్‌కి గాయాలు కాకపోతే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? కానీ కప్ విషయంలో ఒకటి ఖాయం. అతను ఏం చెయ్యగలడో చెప్పే సాక్ష్యం నాలుగేళ్ళపాటు కళ్ళముందే ఉంది. ఒక అంకె దాని ముందు తెరలా నిలబడింది.

మన దగ్గరా ఈ తెర ఉంది. 2018 ఐపీఎల్‌లో అంబటి రాయుడు 602 పరుగులు చేసి ఇంగ్లండ్ వన్డే పర్యటనకి ఎంపికయ్యాడు. యోయో టెస్టులో నిర్ణీత మార్కు రాలేదని తప్పించారు. కొద్ది నెలల్లో తిరిగొచ్చి అక్టోబర్‌లో వెస్టిండీస్ మీద సెంచరీ కొట్టాడు. జట్టుకి ఫిట్‌నెస్ అక్కర్లేదని నేను అనను. యోయో టెస్టు అడిగే ప్రశ్న మంచిదే: ఎంతసేపు ఆగి ఆగి పరిగెత్తగలవు? 'నువ్వు బ్యాటింగ్ చెయ్యగలవా' అన్నది వేరే ప్రశ్న. మొదటిదాని జవాబు చూసి రెండోది మూసెయ్యడం దగ్గరే పేచీ.

పాల్ బ్రౌన్ గడియారం పట్టుకున్నప్పుడు తను ఏ ప్రశ్న అడుగుతున్నాడో ఆయనకి తెలుసు. బంతి పడేలోపు నువ్వు అక్కడుంటావా? అంతే. ఎనభై ఏళ్ళలో ప్రశ్న జారిపోయింది, అంకె మిగిలింది. ఇప్పుడు పదహారేళ్ళ పిల్లలు ఆ అంకెని తమ పేరు పక్కన ఇంటిపేరులా రాసుకుంటున్నారు.

ఎంచేవాళ్ళు చెయ్యాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. 4.4 కనబడితే వెళ్ళి ఆట చూడండి, కాళ్ళకి తగ్గ చేతులున్నాయో లేదో తెలుస్తుంది. 4.7 కనబడినా, ప్రతి శుక్రవారం ఎవడి మీదైనా ఆ ఒకటిన్నర గజం ఎడం సంపాదిస్తున్నాడని ఊరు చెప్తుంటే, అప్పుడూ వెళ్ళి చూడండి. రెండు సందర్భాల్లోనూ పని ఒకటే. కారు తియ్యాలి, ఆ ఊరు వెళ్ళాలి, చలిలో రెండున్నర గంటలు కూర్చుని, బంతి రానప్పుడు కుర్రాడు ఏం చేస్తున్నాడో చూడాలి.